హారం వేసి చూపించే మెడ

భోజనాల వేళలో మెడకు సూదులు పొడిపించుకుని వచ్చిన మునిలక్ష్మి, ఆ మంట తగ్గకముందే మళ్ళీ కౌంటర్ వెనక నిలబడింది. మెడ మీద రేపటిదాకా ఏదీ ఒత్తుకోకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. ఎదురుగా పెళ్ళివాళ్ళు, చేతిలో బరువైన కాసుల హారం. వేసుకోక తప్పుతుందా?

బెళ్ళందూరులోని ఆ నగల అంగడిలో హారాన్ని పెట్టెలో పెట్టి చూపించరు. అమ్మే ఆడవాళ్ళే మెడలో వేసుకుని అటూ ఇటూ తిరగాలి. ఇరవై ఏళ్ళుగా ఆమె బతుకు ఆ మెడ మీదే నడిచింది. ఇప్పుడు గీతలు పడ్డాయి, చర్మం వదులైంది. నగ సొగసు చెడుతోందని మేనేజర్ శ్రీకాంత్ పట్టుబట్టాడు. కోత లేదు, కుట్లు లేవు, పై అంతస్తు క్లినిక్‌లో ఇంజెక్షన్లతో అయిపోతుందన్నాడు. కాదంటే ప్యాకింగ్‌కు పొమ్మన్నాడు. అక్కడ సగం జీతం. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. "మెడకు ముప్పై ఏళ్ళు తగ్గితే మీకు మళ్ళీ సంబంధాలు చూస్తాం అక్కా" అని అందరి ముందూ నవ్వాడు కూడా.

హారం కొక్కెం పడగానే సూదిపోట్లు భగ్గుమన్నాయి. రెండుసార్లు తిరిగేసరికి ఒక కాసు మీద నెత్తురు చుక్క మెరిసింది. పెళ్ళికూతురి తల్లి మొహం చిట్లించి, ఇంకెవరికైనా వేసి చూపించమంది.

శ్రీకాంత్ పరుగున వచ్చాడు. హారం విప్పి, మెత్తటి గుడ్డతో ముందుగా ఆ కాసును తుడిచాడు. ఆమె మెడ వైపు చూడనే లేదు.

"స్వల్ప అడ్జస్ట్ చేసుకోండక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "సోమవారం ఇంకో సిట్టింగ్ ఉండాది. సరిపోతాది."

"ఇంక సూదులకు పోయేది లేదప్పా."

"ఏమక్కా?"

"నాకు వయసొచ్చె, మెడకూ వచ్చె. దానికి నొప్పి ఉండాది. సగం జీతమిస్తావో, ఇంటికే పంపిస్తావో నీ ఇష్టం. సూది మాత్రం వద్దు."

శ్రీకాంత్ మొహం గట్టిపడింది. పక్క కౌంటర్ భవ్యను పిలిచి హారం చాపాడు. ఆ పిల్లకు ఇరవై మూడేళ్ళు. సూదులు ఇప్పటినుంచే మొదలుపెడితే మంచిదని నిన్ననే ఆమెకూ చెప్పి ఉన్నాడు.

భవ్య కళ్ళు మునిలక్ష్మి మెడ మీది ఎర్రటి చుక్కల మీదే ఉండిపోయాయి. శ్రీకాంత్ రెండోసారి పిలిచాడు. ఆమె చేతులు ముందుకు రాలేదు.