బాపయ్య గారి గుండు

హేమశ్రీ తాబేళ్ల మీద పీహెచ్‌డీలో చేరిన రోజున, అది పూర్తయ్యేదాకా చేప ముట్టనని వాళ్ల నాన్న బాపయ్య కోటప్పకొండ మీద మొక్కుకున్నాడు. రెండేళ్లలో తేలిపోతుందనుకున్నాడు పాపం. నాలుగో ఏడు నడుస్తోంది.

ఈ ఏడు ఆ పిల్ల పని వాడరేవు సముద్రపొడ్డున పడింది. మిరపకోతలు కూలీలకి వదిలేసి, ప్రతి ఆదివారం పర్చూరు నుంచి ఆమెను బండి మీద దించేది బాపయ్యే. తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్లిపోయాక, హేమశ్రీ ఆ గూళ్లు తవ్వి లోపల చచ్చి మిగిలిన పిల్లల చర్మం చిటికెడు చొప్పున సీసాల్లోకి తీసేది. ఆమెకది రెండు గంటల పని. బాపయ్యకు కాస్త అవతల చేపలు వేయించి అమ్మే జానీబీ పాక, పెనం మీద చందువా చేప. మొదటి వారం వాసన చూశాడు. రెండో వారం ముక్క చూశాడు. మూడో వారం నుంచి ఆయన బండి చప్పుడు వింటే చాలు, జానీబీ పొయ్యి వెలిగించేది.

ఒకరోజు అన్నాల దగ్గర వెంకటేశ్వరమ్మ కూతుర్ని అడిగింది: "చచ్చిన పిల్లలతో ఏం చదువే?"

"గుడ్డులో పిల్ల తయారయ్యేది తల్లి ఒంట్లోంచి వచ్చిన సరుకుతోనే కదమ్మా. తల్లి ఎక్కడ మేసిందో, ఏం తిన్నదో పిల్ల చర్మం చెబుతుంది. నైట్రోజన్‌లో బరువుదీ తేలికదీ ఉంటాయి. చేపలూ అవీ తినేకొద్దీ బరువుది ఒంట్లో పెరుగుతుంది."

"మనుషులకీ తెలుస్తుందా?"

"వెంట్రుక చాలు. రేపు మీ ఇద్దరివీ ఇవ్వండి, నాకు పనుంది."

బాపయ్యకు పొలమారింది.

తెల్లారగానే నాగూర్ వలి సెలూన్ ముందు నిలబడ్డాడు. "నున్నగా గీకెయ్. మీసం కూడా."

"కనుబొమ్మలు?" అన్నాడు వలి ఎకసెక్కంగా. బాపయ్య నిజంగానే కాసేపు ఆలోచించాడు.

గుమ్మంలో ఆయన్ని చూసి వెంకటేశ్వరమ్మ కేక పెట్టింది. "అయ్యో, ఎవరు పోయారండీ?" ఆ కేకకి పక్కింటి రాజ్యం ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. ఎవరి కోసమో ఆవిడకీ తెలీదు.

హేమశ్రీ మాత్రం తాపీగా, "గోరైనా పర్లేదు నాన్నా" అంది.

బాపయ్య పది వేళ్లూ చూసుకున్నాడు. కాళ్లకేసీ చూసుకున్నాడు. మంచం మీద కూలబడి, "చందువా. వారానికి రెండు" అన్నాడు.

హేమశ్రీకి నవ్వాగలేదు. "ఆ మిషన్ హైదరాబాదులో ఉంది నాన్నా. నా తాబేళ్లకే ఆర్నెల్లుగా వంతు రాలేదు. పిసరంత సరుకు తూచడం అలవాటవ్వాలని వెంట్రుకలడిగాను, అంతే!"

వెంకటేశ్వరమ్మ నవ్వలేదు. "మొక్కు తప్పారు, అందుకే దాని చదువు తెమలట్లేదు" అని తేల్చేసింది. వచ్చే ఆదివారం తనూ వస్తానంది.

వచ్చింది. మొగుడి చేతికి గ్లోవ్స్ తొడిగి, కుళ్లిన గుడ్ల గూటి ముందు కూర్చోబెట్టింది. ఆ కంపుకి బాపయ్య మొహం పక్కకి తిప్పుకుని తవ్వాడు. ఆవిడ మాత్రం జానీబీ పాకలో తీరిగ్గా తిని, "ఇంత రుచి మీరొక్కరే తిన్నారటండీ!" అని అక్కణ్ణుంచే అరిచింది.

పెంకుల అడుగున బాపయ్య వేలికి ఏదో తగిలి కదిలింది. పిల్ల, బతికే ఉంది. హేమశ్రీ దాన్ని తడి ఇసుక మీద వదిలింది. అది రెండుసార్లు వెల్లకిలా పడి, మూడో అలలో కలిసిపోయింది.

"దీని తల్లి ఏం తిన్నదో?" అన్నాడు బాపయ్య.

"బతికినవాటిని అడగను నాన్నా."

బాపయ్య గుండు మీద కండువా కప్పుకుని మళ్లీ గూట్లో చెయ్యి పెట్టాడు.