పచ్చ చీటీ కట్టిన తవుడు

క్వాలే బస్తాలోంచి గొట్టం బయటికి లాగి అరచేతిలోకి దులిపాడు. విస్కాన్సిన్‌లో దాణా దుకాణాలు తిరిగి, బస్తాల్లోకి ఇత్తడి గొట్టం గుచ్చి నమూనాలు తీయడం అతని ఉద్యోగం. బస్తా మీద 'స్వచ్ఛమైన గోధుమ తవుడు' అని ఇంతింత అక్షరాలున్నాయి. అరచేతిలోకి రాలింది మాత్రం మిల్లు నేల ఊడ్చిన చెత్త. పొట్టు, కలుపు గింజలు, ఎలుక పెంటికలు, బూజు పట్టి ఉండకట్టిన ఏదో పిండి. తవుడు కూడా ఉంది, పేరుకి.

రాగ్నా త్వైత్ ఆవులు రెండు అది తినే చచ్చాయి. మొగుడు పోయిన మనిషి. మిగిలిన రెండావుల పాలే ఆవిడకు కూడు పెట్టాలి. ఉబ్బి పడివున్న ఆవు పక్కన నిలబడి, ఈ సరుకు మళ్ళీ ఈ ఊళ్ళో అమ్మనివ్వనని క్వాలే మాటిచ్చాడు. ఇంగ్లీషు చదవడం రాని ఆ నార్వే ముసలావిడ నమ్మింది. తన భాషలో మాట్లాడే ప్రభుత్వోద్యోగి అతనొక్కడే మరి.

1906 నాటి శుద్ధాహార చట్టం వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. దాని కింద రైల్వే గోదాములోని బస్తాలన్నీ జప్తు చేశారు. విచారణ నాడు క్వాలే నమూనా సీసాలు తళతళా తుడిచి పట్టుకెళ్ళాడు. మూత తీసే పనే పడలేదు. కంపెనీ వకీలు లేచి, కాఫీ అడిగినంత తేలిగ్గా నేరం ఒప్పేసుకున్నాడు. జరిమానా వేశారు, అక్కడే కట్టేశారు. పైన నిజం రాసుకుని సరుకు వాపసు తీసుకోవచ్చని జడ్జిగారు సెలవిచ్చారు. బస్తా మీది అబద్ధమే అందరికీ కనబడింది. లోపలి పెంట ఆవుల్ని చంపిందని రుజువు చేసే ఓపిక ఎవరికీ లేకపోయింది. క్వాలే నోరు తెరవబోతే ప్రభుత్వ వకీలే చెయ్యి పట్టి లాగి, గెలిచాం కదయ్యా, ఇంకా ఏమిటి నీ గొడవ అని విసుక్కున్నాడు. గెలుపట. ఛీ.

కొత్త కాగితాలు అంటించడం దగ్గరుండి చూడవలసిందీ క్వాలేయే. 'గోధుమ తవుడు' అని పెద్దగా, 'మిల్లు జల్లెడలో మిగిలిన గింజలు కలిసినది' అని చీమల్లాంటి అక్షరాలతో. ఒక్కో బస్తా మూతికి, అతని సంతకంతో, తనిఖీ శాఖ పచ్చ చీటీ కట్టాలి. పైన రాసిందే లోపల ఉందని తప్ప ఆ చీటీకి ఇంకో అర్థం లేదు. కానీ ఆ చుట్టుపక్కల పాడివాళ్ళు దాన్ని చూసే డబ్బు తీస్తారు, సర్కారు మంచిదన్నదని. ఆ సంగతి తెలిసీ సంతకాలు పెడుతుంటే తన చేతిని చూసుకోవడానికే అతనికి రోత పుట్టింది.

అంటించినవి అంటించినట్టే దుకాణాలకు వెళ్ళిపోయాయి. పని తెమిలాక, రాగ్నాను హెచ్చరిద్దామని బయల్దేరిన క్వాలే, ప్రూయిట్ దాణా దుకాణం ముందు ఆవిడ బండి చూసి ఆగాడు. బండిలో బస్తా ఉంది.

"ఏం కొన్నావమ్మా?"

"దాణా నాయనా. పచ్చ చీటీ ఉన్నదే ఇమ్మన్నాను. నీ సంతకం నాకు గుర్తే."

క్వాలే జేబులోంచి చాకు తీసి బస్తా నిలువునా చీల్చాడు. ముక్కుపుటాలు అదిరే ముక్కిపోయిన కంపు. లోపల్నుంచి ప్రూయిట్ పరుగెత్తుకొచ్చాడు. చట్టప్రకారం ఉన్న సరుకది, పాడుచేస్తే కేసు నీ మీదే అవుతుందన్నాడు. పెట్టుకోమన్నాడు క్వాలే.

రాగ్నా గుప్పెడు తీసి వాసన చూసింది. ముఖం ముడుచుకుపోయింది.

"ఇది అదే కదూ?"

"అదేనమ్మా."

ఆవిడ చెయ్యి గౌనుకు తుడుచుకుంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది.

"మొన్న ఈ పచ్చ చీటీదే ఒక బస్తా పట్టుకెళ్ళాను" అంది. "పెద్దావు నిన్నట్నుంచి మేత ముట్టడం లేదు. బండెక్కు. వచ్చి చూడు."