మవ్రోలిథో ఊరి ఒక్క ఓటు

అర్గీరిస్ బడి గదిలో మూలకి దుప్పటి కట్టి, కొసల్లో మేకులు కొట్టాడు. దాని వెనక చిన్న బల్ల, బల్ల కింద బుట్ట. వద్దనుకున్న పార్టీ కాగితాలు ఆ బుట్టలో పడేసి, కావలసినదాన్ని కవరులో పెట్టి పెట్టెలో వెయ్యాలి. పొయ్యిలో ఓక్ కట్టె పేర్చి ఊదాడు. పొగకి కళ్లు మండాయి. పొట్టి మనిషి, వంగిన వీపు, సున్నం తిన్న వేళ్లు. బడి కాపలాదారుగా చేరిన నాటినుంచి ప్రతి ఎన్నికకీ ఈ దుప్పటి కట్టింది అతనే.

ఆ కొండల నియోజకవర్గానికి ఒకటే సీటు. మొదట తాత కలూదిస్ గెలిచాడు, తర్వాత కొడుకు, ఇప్పుడు మనవడు నిలబడ్డాడు. తాత రోడ్డు వేయిస్తానన్నాడు. కొడుకు వంతెన దాకా వేయించాడు. మిగతాది మనవడు వేయిస్తాడని ఊరు నమ్ముతోంది. మవ్రోలిథో ఓట్లన్నీ ఎప్పుడూ ఆ ఇంటికే, ఒక్కటి తప్ప.

ఆ ఒక్క ఓటు ఎర్రవాళ్లకి, కమ్యూనిస్టులకి పడేది. యుద్ధాలు ముగిశాక కొన్నేళ్లకి ఒక ఎన్నికలో మొదటిసారి కనపడింది, ఆపైన తప్పలేదు. ఎవరిదని ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. పీపాలు చేసే థీమియోస్‌దే అనుకున్నారు. పెళ్లికాని మనిషి, పేపరు చదివేవాడు, చర్చి పూజారి చెయ్యి ముద్దు పెట్టుకునేవాడు కాడు. అంతకంటే రుజువేం కావాలి? కాఫీ కొట్టు స్తమూలిస్ అతన్ని లోపల కూర్చోనిచ్చేవాడు కాదు. రోడ్డు వేసేటప్పుడు అతనికి కూలి పని ఇచ్చేవారు కారు.

"ఏరా ఎర్రోడా, ఈసారి కూడా ఒంటరిగానే వచ్చావా?" అని స్తమూలిస్ గుమ్మంలోంచి కేకేస్తే, థీమియోస్ నవ్వేవాడు.

"ఎవరో ఒకరికి దమ్ముందిలే ఊళ్లో."

థీమియోస్ అర్గీరిస్‌కి స్వయానా బావమరిది, భార్య అసిమినాకి తమ్ముడు. అయినా సైనికులు గద్దెనెక్కిన వసంతంలో జెండార్మ్ పోలీసులు వచ్చి అడిగినప్పుడు, అవును, ఆ ఓటు ఇతనిదే అని రాసిన కాగితం మీద అర్గీరిస్ వేలిముద్ర వేశాడు. బడి ఉద్యోగం పోతుందని భయం. థీమియోస్‌ని ఖైదీలుండే దీవికి పంపారు. దగ్గుతో తిరిగొచ్చాడు. వచ్చాక కూడా బావతో ఆ మాట ఎత్తలేదు. పండక్కి ఇంటికొచ్చి అక్క పెట్టింది తిని వెళ్లేవాడు. మొన్న ఈస్టరు ముందరి ఉపవాసాల్లో చనిపోయాడు. శవపేటిక మోసిన నలుగురిలో అర్గీరిస్ ఒకడు.

చిన్న ఊరు కాబట్టి ఆడా మగా అందరిదీ ఒకే పెట్టె. పొద్దంతా ఒక్కొక్కరే వచ్చారు. అసిమినా మధ్యాహ్నం నల్ల శాలువాతో వచ్చి, దుప్పటి వెనక్కి వెళ్లి, వచ్చి, కవరు వేసి, పొయ్యిలో కట్టె వెయ్యమని మొగుడికి సైగచేసి వెళ్లిపోయింది.

పొద్దు వాలగానే ఎన్నికల అధికారిగా ఏథెన్సు నుంచి వచ్చిన కుర్ర వకీలు పెట్టె తెరిచాడు. ఊళ్లో మగవాళ్లంతా గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ఈసారి ఒక్కటీ తప్పకుండా ఓట్లన్నీ కలూదిస్‌కే పడతాయని స్తమూలిస్ ముందే సారా సీసా తెచ్చిపెట్టాడు.

"కలూదిస్," అన్నాడు వకీలు. "కలూదిస్. కలూదిస్."

ఇంకో కవరు చింపాడు. కాగితం విప్పి, దీపం దగ్గరికి జరిపి, ఎర్ర పార్టీ పేరు చదివాడు.

సీసా మూత తిప్పుతున్న స్తమూలిస్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒక ముసలాయన మెల్లిగా సిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు వకీలు, అందరి మొహాలూ చూసి.

"థీమియోస్ చచ్చిపోయాడు కదా," అన్నాడు స్తమూలిస్, తనలో తను అనుకుంటున్నట్టు. "మనమే పూడ్చాం కదా."

అర్గీరిస్ బల్ల పట్టుకున్నాడు. ఆనాడు సిరా పూసిన బొటనవేలు ఉన్నట్టుండి చల్లబడింది. లెక్క పూర్తయ్యేదాకా కూడా ఉండలేదు. తాళాలు వకీలు ముందు పెట్టి బయటికి నడిచాడు.

అసిమినా పొయ్యి దగ్గర గంజి కలుపుతోంది.

"ఆ ఓటు మళ్లీ వచ్చింది," అన్నాడు గుమ్మంలోనే.

ఆమె వెనక్కి తిరగలేదు. "ఒకటేనా?"

"ఒకటే."

"ఈసారి ఎవరైనా తోడొస్తారేమో అనుకున్నా."

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఎదురుగా ఉన్నది ఇన్నేళ్లు తనతో కాపురం చేసిన మనిషేనా అన్నట్టు చూశాడు.

"నువ్వా?"

"ఆడవాళ్లకి పార్లమెంటు ఓటు ఇచ్చిన ఏడాది నుంచి. అంతకు ముందు ఆ ఓటు ఎప్పుడైనా కనపడిందా? ఒక్కడికైనా తట్టలేదు."

"మరి థీమియోస్?"

"వాడు కలూదిస్‌కే వేసేవాడు పాపం, గొడవెందుకని. నాదని వాడికి తెలుసు. ఒప్పేసుకుంటానురా అంటే, 'ఊరుకోవే అక్కా, తిట్లకి ఒకరు చాలు, ఎలాగూ నాకు అలవాటైంది' అన్నాడు. దీవికి తీసుకెళ్లే రోజున కూడా అదే మాట. నేను ఊరుకున్నాను." గరిటె గిన్నె అంచుకి ఆనించింది. "వాడు పోయాక ఈసారి మానేద్దామనుకున్నా. మానేస్తే ఇన్నాళ్లూ అది వాడిదేనని ఊరు ఖాయం చేసుకుంటుంది."

"నాకైనా చెప్పాల్సింది."

అప్పుడు తిరిగింది అసిమినా. కోపంగా ఏం లేదు ఆ మొహం.

"చెప్తే వేలిముద్ర నా పేరు మీద వేసేవాడివి."

కాదనడానికి అర్గీరిస్ నోరు తెరిచాడు. కానీ ఆ వసంతంలో తను ఎంత భయపడ్డాడో అతనికి తెలుసు.

ఆమె గంజి గిన్నె దించి, ఒక్క పళ్లెంలో పోసి అతని ముందు పెట్టింది. కోటు తొడుక్కుంది. శాలువా కప్పుకుంది.

"తమ్ముడి ఇల్లు పాడుబడుతోంది. వెళ్లి తుడుచుకోవాలి."

"పొద్దున వెళ్లొచ్చుగా. ఎప్పుడొస్తావు?"

తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్లింది. అతను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. వాగు అవతల, ఉపవాసాల నుంచి చీకటిగా ఉన్న ఇంట్లో కాసేపటికి దీపం వెలిగింది. కింద బళ్లోంచి కలూదిస్ మనవడి గెలుపు గంట మోగింది, ఎందుకో కాస్త మోగి ఆగిపోయింది. గంజి మీద మీగడ కట్టింది. ఎదుటి కుర్చీ వీపుకి అసిమినా నడుం నుంచి విప్పి తగిలించిన వంట గుడ్డ వేలాడుతోంది, చేతులు తుడుచుకున్న చోట ఇంకా తడిగానే ఉంది.