ఒక్క రింగు

బోర్డు మీద ఎర్ర గీత ఒక్కటీ లేదు.

మురళీధర్ వనిత కుర్చీ వెనక నిలబడి ఆ తెరను కళ్లారా చూసుకున్నాడు. "ఎత్తని ఫోన్ ఒక్కటన్న లేదు. రేపు ఓపెనింగ్‌ల గిదే పెద్ద టీవీల చూపిస్త. నీకు పట్టుచీర ఖాయం."

"చీరెందుకు సార్, ఆ ఏసీ బాగు చేయించుండ్రి. మన సర్వర్లు ఏడనో మబ్బుల సల్లగున్నయి, మేం గీడ ఉడుకుతున్నం."

సూర్యాపేటలో ఓ చెప్పుల దుకాణం పైన ఉంది వాళ్ల ఆఫీసు. మూడు ఊళ్లలో బ్రాంచీలున్న ఓ ప్రైవేటు దవాఖాన అంబులెన్స్ ఫోన్ల కోసం ఈ క్లౌడ్ టెలిఫోనీ పని మురళీధర్‌కు అప్పగించింది. అందరికీ ఒకే నంబరు. ఫోన్ చేసిన మనిషి ఎక్కడున్నాడో చూసి, సిస్టమే ఆ ఫోన్‌ను ఇంటర్నెట్ మీద సూర్యాపేటకో, కోదాడకో, మిర్యాలగూడకో మళ్లిస్తుంది. ఎవరూ ఎత్తకపోతే బోర్డు మీద ఎర్ర గీత పడుతుంది. అది చూసి ఎవరో ఒకరు తిరిగి చేస్తారు.

పరీక్షించేది ముగ్గురు. కోదాడలో శ్రీకాంత్, మిర్యాలగూడలో గోపిక, ఇక్కడ వనిత. ముగ్గురూ పైసలు కాలకుండా మిస్డ్ కాల్ ఇచ్చుకునే ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లే. అందుకే పరీక్షంటే వాళ్లకు ఒక్క రింగు ఇచ్చి కట్ చేయడమే. ఫోన్ సరైన ఊరికి చేరిందో లేదో తేలడానికి అది చాలు. కానీ బోర్డంతా ఎర్రబడిపోయేది. మురళీధర్ విసుక్కున్నాడు. దాంతో వనిత ఒక నియమం రాసింది: ఒక్క రింగుకే తెగిన ఫోన్ ఫోనే కాదు, చెరిపెయ్. నంబరు జనంలోకి వెళ్లేముందు దాన్ని తీసేద్దామనుకుంది.

కానీ పోయిన ఆదివారం అదే నంబరును నాయిన ఫోన్‌లోకి తానే ఎక్కించింది. నాయిన మట్టయ్య మఠంపల్లి పక్కన గొర్లు కాస్తాడు.

"ఆఫీసుల నా ఫోన్ లాకర్ల ఉంటది నాయినా. పానం బాగలేకున్నా, దెబ్బ తాకినా గీ నంబర్‌కు కొట్టు. ఓపెనింగ్ కాకున్నా నడుస్తనే ఉంది, నేను ఆడనే ఉంట. కొట్టినంక అటిటు పోకు, ఉన్నకాడ్నే కూసో. బండే నీ కాడికొస్తది."

"నువ్వుంటె ఇగ నాకేం రంది," అన్నాడు మట్టయ్య.

మధ్యాహ్నం అన్నం తిని కూర్చోగానే మిర్యాలగూడ నుంచి గోపిక ఫోన్ చేసింది.

"వనితక్కా, గీడ ఒకామె లొల్లి పెడుతున్నది. త్రిపురారం ఆమె, బక్కమ్మ. కోడలికి నొప్పులొస్తే ఆటో మీద మన స్టిక్కర్ చూసి కొట్టిందట. ఎన్నిసార్లు కొట్టినా ఒక్కలు పలకలేదట. ఆఖరికి అదే ఆటోల ఏసుకొచ్చింది. బోర్డుల సూస్తే ఆమె నంబరే లేదక్కా."

వనిత వెనక్కి తిరిగింది. "సార్, స్టిక్కర్లు అప్పుడే ఎవరంటించిండ్రు?"

"నేనే. పొద్దున ఆటోలోల్లకు పంచినం. పబ్లిసిటీ ముందు చేయాలె గద," అన్నాడు మురళీధర్.

ఫోన్‌లో బక్కమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "మిస్డ్ కాల్ ఇస్తే మల్ల చెయ్యని దవాఖాన ఏం దవాఖాననే? మా ఊరి కిరాణం సేటు నయం, టక్కున చేస్తడు."

గోపిక నవ్వింది. వనితకు నవ్వు రాలేదు. ఒక్క రింగు ఫోన్లను చెరిపే నియమాన్ని తీసేసింది.

బోర్డు ఒక్క క్షణం ఖాళీగా ఉంది. తర్వాత ఎర్ర గీత పడింది. మఠంపల్లి వైపు నుంచి, కోదాడ బ్రాంచికి. ఒక్క రింగు. కట్.

ఆ నంబరు ఆమెకు కంఠతా వచ్చు. ఫోన్ మాటలు ఫ్రీ అయి ఏళ్లు దాటినా మట్టయ్య తాను చేసిన ఫోన్‌ను ఏనాడూ పూర్తిగా మోగనివ్వలేదు. ఒక్క రింగు ఇస్తాడు, కూర్చుంటాడు. బిడ్డే చేస్తుంది.

బోర్డు మీంచే తిరిగి చేసింది. "నాయినా, ఏమైంది?"

"చేసినవా బిడ్డా." నాలుక మందంగా తిరుగుతోంది. "ఎంత సేపటి సంది కొడుతున్ననో. పురుగు ముట్టింది."

పాము అనే మాట మట్టయ్య నోట పలకడు.

"సైదయ్య చిన్నాయిన ఏడి?"

"మందను ఏటి దిక్కు తోల్కపొమ్మన్న. మా బిడ్డ బండి పంపుతదిలే అని నేనే పంపిన. నువ్వు చెప్పినట్టే ఉన్నకాడ్నే కూసున్న."

ఆ ఫోన్ పెట్టకుండానే ఆఫీసు ఫోన్‌లో శ్రీకాంత్‌ను పట్టుకుంది. "కోదాడ బండిని మఠంపల్లికి తోలు. మా నాయిన."

"బండి ఇక్కడేదక్కా? పూలు కట్టాలని సార్ మూడు బళ్లూ సూర్యాపేటకే రప్పించారుగా. మీరు కంగారు పడకండి, నేను ఆటో తీసుకుని వెళ్తున్నా."

వనిత కిటికీలోంచి చూసింది. ఎదురుగా ఫంక్షన్ హాలు ముందు మూడు అంబులెన్సులూ బంతిదండలతో వరసగా నిలబడి ఉన్నాయి. మురళీధర్ కిందికి పరుగెత్తాడు. ఒక బండి సైరన్ వేసుకుని, పూలు రాలుస్తూ కదిలింది. సర్కారు బండికీ ఫోన్ చేశారు. దగ్గర్లో ఉన్నది ఇంకో ప్రాణాన్ని మోసుకుని పోతోంది. సూర్యాపేట ఎక్కడ, మఠంపల్లి ఎక్కడ.

"నాయినా, మాట్లాడుతనే ఉండు."

"ఇగ పెట్టెయ్ బిడ్డా. పైసలు కాలుతయి."

"కాలవు నాయినా. ఫ్రీ."

"ఫ్రీ అనే అంటరు…"

ఆ తర్వాత గొర్రెపిల్ల ఒకటి అరవడం మాత్రమే వినిపించింది. వనిత ఫోన్ పెట్టలేదు. చాలాసేపటికి ఆటో చప్పుడు, శ్రీకాంత్ కేకలు వినబడ్డాయి. ఆటో హుజూర్‌నగర్ దవాఖాన చేరకముందే శ్రీకాంత్ తన ఫోన్ నుంచి చేశాడు. "అక్కా" అన్నాడు. వెనక ఆటో ఆగిన చప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున నాయినను మట్టి చేసి వచ్చారు. మురళీధర్ ఫోన్ చేశాడు.

"పెద్దోల్లంత వస్తున్నరు వనితా, ఓపెనింగ్ ఆపుడు నా చేతిల లేదు. గని నువ్వు తీసేసిన నియమం తీసేసినట్టే ఉంటది. ఇగ ఒక్క మిస్డ్ కాల్ పోదు. ఒట్టు."

ఆమెకు మిగిలింది అదొక్కటే. ఇంకో మనిషి అలా కూర్చుండిపోకూడదు.

కాసేపటికి గోపిక ఓపెనింగ్ ఫోటో పంపింది. మెడలో దండతో మురళీధర్, వెనక పెద్ద టీవీ. టీవీలో బోర్డు. బోర్డు మీద ఎర్ర గీత ఒక్కటీ లేదు.

వనిత నాయిన ఫోన్ తీసుకుని గొర్ల దొడ్డి దగ్గరికి నడిచింది. నంబరు కొట్టింది. ఒక్క రింగు మోగనిచ్చి కట్ చేసింది. ఫోన్‌ను మోకాలి మీద పెట్టుకుని కూర్చుంది.

ఫోన్ మోగలేదు. ఎర్ర గీత పడి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు తిరిగి చేసేవాళ్లు. మళ్లీ ఒక్క రింగు ఇచ్చింది.

సైదయ్య వచ్చి పక్కన కూలబడ్డాడు. "ఎవరికి కొడుతున్నవ్ బిడ్డా?"

"దవాఖానకు, చిన్నాయినా."

దొడ్డి నీడ వాళ్ల కాళ్ల మీంచి జరిగిపోయింది. ఫోన్ అలాగే ఉంది.

"జర ఆగు," అన్నాడు సైదయ్య. "రింగు ఇచ్చినవ్ గద. వాల్లే చేస్తరు."