కొబ్బరాకు పొట్లం

"బారెడు పొద్దెక్కగానే పెద్దలు కూర్చుంటారు. నాగులమ్మ మన చెట్టు కింద తచ్చాడతా ఉంటే చూసినానని చెప్పు. అంతే. ఇంకో మాట వద్దు," అన్నాడు ముత్యాలయ్య, బాగుచేస్తున్న వల మీంచి తల ఎత్తకుండానే.

ఆదిశేషమ్మ ఒళ్ళో కొబ్బరి మట్ట పెట్టుకుని తడిక అల్లుతోంది. తాను చూడలేదని భర్తకూ తెలుసు. చూసినానని చెబితే నాగులమ్మ మీద దురాయి పడుతుంది. అది పడితే పాలెంలో ఎవరూ ఆమెకు నిప్పు ఇవ్వరు, నీళ్ళు తోడుకోనివ్వరు, మాట్లాడరు. అరవై ఏళ్ళ మనిషి, మొగుడు లేడు, మంత్రసాని పని తప్ప మరొకటి తెలియదు. ఆ ఇసుకలో ఎన్నాళ్ళు బతుకుతుంది?

మూడు రోజుల కిందట మొదలైంది ఇదంతా. అత్త చెంచమ్మ పెరట్లోని కొబ్బరి పిల్లచెట్టు ఆకుల్లో దారంతో కుట్టినట్టున్న పొట్లం చూసింది. తెంపితే తెల్లటి పిండి చేతికంటింది. లోపల ఏదో గలగలమంది. "చేసినార్రా! మన ఇంటికి చేతబడి చేసినారు!" అని ఆమె పెట్టిన కేకకు పాలెమంతా కూడింది. ఆ చెట్టు నాగులమ్మ గుడిసె పక్కనే ఉంది. మూడు నెలల కిందట ఆదిశేషమ్మకు పురుడు పోసిందీ నాగులమ్మే. బిడ్డ చచ్చి పుట్టాడు. ఇంకేం కావాలి? ఆ కేక తర్వాత మగవాళ్ళెవరూ తెప్పలు నీళ్ళలోకి దించలేదు.

అది పురుగని ఆదిశేషమ్మకు తెలుసు. పురిటి ఒళ్ళు ఆరకముందే అత్త ఆమెను తడికల ముందు కూర్చోబెట్టింది. "ఏడ్చేదానికి చేతులు అక్కర్లేదు గదమ్మే, అల్లు," అంది. ఏడుస్తూ, అల్లుతూ ఆమె చూసింది ఆ పురుగునే. మొదట చీపురుపుల్ల ముక్కంత ఉండేది. ఆకు అంచుకు అంచు చేర్చి తన నోటి దారంతోనే కుట్టుకునేది. ఎదిగాక ఆ ఇల్లు వదిలి మరో పెద్ద ఇల్లు కుట్టుకునేది. ఒళ్ళంతా ఏకిన దూదిలాంటి తెల్లటి పోగులు, ముట్టుకుంటే పిండిలా రాలేవి. చివరికి లోపలే గింజలా బిగుసుకుపోయేది. ఆకు కదిపితే ఆ గింజ అదిరేది, అదే ఆ గలగల. కొన్నాళ్ళకు ఏ మసకవేళో ఎర్రటి కళ్ళు, గోధుమరంగు రెక్కల మీద పసుపు మచ్చలు వేసుకుని బయటికి వచ్చి, ఎవరో విసిరినట్టు ఎగిరిపోయేది. అలా మూడింటిని సాగనంపింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే "పని మానేసి పురుగుల్ని చూస్తా కూచున్నావా" అనే మాట సిద్ధంగా ఉంటుంది. ఈ ఇంట్లో ఆమె చూసినవి ఎవరూ అడగరు. చూడనిదాన్ని చూసినానని చెప్పడానికి మాత్రం ఆమె కావాలి.

ఆ అబద్ధం చెప్పాలంటే భయం. పురుగేనని చెప్పాలంటే ఇంకా భయం. పురుగైతే మరో ప్రశ్న లేస్తుంది. దాని జవాబు ఆమెకు తెలుసు, నాగులమ్మకు తెలుసు, ఈ ఇంట్లో మిగతా ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత ఎక్కడికి పోవాలి? నయాపైసలు వచ్చిన ఏడు ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. పుట్టినిల్లు దగ్గర్లో బోగోలులోనే ఉంది గానీ, వాళ్ళు రెండు పూటలు పెట్టి మూడో పూటకు తెచ్చి ఇక్కడే దించుతారు. అల్లిక తప్పింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తప్పింది.

ఇసుకదిబ్బ మీద పెద్దలు కూర్చున్నారు. పొట్లం చేటలో ఉంది, చుట్టూ నిమ్మకాయలు. నాగులమ్మ దూరంగా నిలబడి, "నీకు బొడ్డు కోసింది నేనే గదరా నరసయ్యా," అంటోంది, వినీ వినపడకుండా.

పాలెం పెద్ద నరసయ్య ఆమె వైపు చూడలేదు. "ఏం శేషమ్మా, నువ్వు చూసినావా?" అని అడిగాడు.

ముత్యాలయ్య దగ్గాడు.

ఆదిశేషమ్మ నడిచి వెళ్ళి చేటలోంచి పొట్లం తీసుకుంది. "ముట్టుకోబాకమ్మే!" అని ఎవరో అరిచారు. పొట్లం గలగలమంది. పదిమంది వెనక్కి జరిగారు. ఆమె గోటితో కుట్టు తెంపి, ఆకు విప్పి నరసయ్య ముందు పెట్టింది.

"పురుగు మామా. ఇంకో నాలుగు దినాలుంటే రెక్కలొచ్చి ఎగిరిపోయేది. మీ చెట్లలోనూ ఉండాయి, పోయి చూసుకోండి."

నరసయ్య వంగి, తెల్లటి పిండిలో కదులుతున్న గింజను చూశాడు. ఆడవాళ్ళలోంచి ఒక గొంతు లేచింది: "దీనికి జడిసి మూడు దినాలు సముద్రం మానేసినారే! మీసాలు మాత్రం మూరెడు!" కొంగుల చాటున నవ్వులు పాకాయి.

చెంచమ్మ నవ్వలేదు. "పురుగైతే నా మనవడు ఎట్టా పోయినాడే? చెప్పు!"

నవ్వులు ఆగాయి. ముత్యాలయ్య కళ్ళతోనే వద్దన్నాడు. భయం పోయేదాకా ఆగుదామంటే ఇక ఈ జన్మలో చెప్పలేనని ఆదిశేషమ్మకు అర్థమైంది.

"బిడ్డ అడ్డం తిరిగింది, నా చేతుల్లో లేదు, బండి కట్టి ఆసుపత్రికి తీసకపొండని నాగులమ్మ నీ కాళ్ళు పట్టుకునింది అత్తా. మగ డాక్టరు ముట్టుకుంటే పరువు పోతుందని నువ్వూ నీ కొడుకూ రెండు దినాలు వాకిలికి అడ్డం కూచున్నారు." ఆమె నరసయ్య వైపు తిరిగింది. "చూసినావా అని అడిగినావు గదా మామా, నేను చూసింది అదీ."