పెంటవ్వ కాల్చిన రొట్టె

శనివారం సాయంత్రం రోజారాణి ఎండు ద్రాక్ష కడిగి గిన్నెలో నానబోసింది. తెల్లారితే నెల మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు బల్ల, అందరూ ఒకే రొట్టె విరుచుకుని తిని ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగే రోజు. నానిన ద్రాక్షను పిసికి బట్టలో వడకడితే రసం. ఉప్పు వెయ్యకుండా, పిండి పులియనివ్వకుండా పెనం మీద కాలిస్తే రొట్టె. బాన్సువాడలోని ఆ చిన్న సంఘంలో ఈ రెండూ సంఘపెద్ద ఇంటి నుంచే వెళ్లాలి, ఆ ఇంటి ఇల్లాలే చెయ్యాలి. సంఘపెద్ద ఆమె భర్త కనకరత్నం. రోజంతా బీర్కూర్ అంగన్‌వాడీలో పిల్లలతో వేగి, బస్సులో నిలబడి వచ్చి, కాళ్లు కడుక్కోగానే ఆమె చెయ్యి ఆ గిన్నె మీద పడేది.

కనకరత్నం ప్రేమగల మనిషని సంఘమంతా పేరు. ప్రార్థనకు వచ్చినవాళ్లను వచ్చినట్టే భోజనానికి పిలుస్తాడు. వండేదీ, వడ్డించేదీ, గిన్నెలు తోమేదీ రోజారాణి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె రెక్కల కష్టాన్ని ఆయన ప్రేమ పేరుతో పంచిపెట్టేవాడు. నడుం నొప్పి అంటే, "సేవ సణుక్కుంట చేస్తరా? ప్రేమంటేనే ఓర్సుకునుడు" అనేవాడు. ఆ ఓర్చుకోవడం ఎప్పుడూ తన వంతుకే ఎందుకొస్తుందో ఆమెకు అర్థమయ్యేది కాదు. అడిగేది కూడా కాదు.

ఆ సాయంత్రం ముందుగదిలో పెద్దలు కూర్చున్నారు. చాయ్ తాగి వాళ్లు వెళ్లాక కనకరత్నం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపు పెంటవ్వ కోసం ఒక స్టీలు గిలాస వేరే తే. అందరు తాగే గిన్నె ఆమెకియ్యొద్దు అనుకున్నం. తలుపు కాడ కూసోని ఆఖర్ల తీసుకుంటది."

రోజారాణి చెయ్యి ఆగిపోయింది. "గా ఎయిడ్స్ బీమారి ఎంగిలితోని రాదని బస్టాండు గోడ మీద రాసున్నది గద."

"నాకు తెల్వదా? జనం భయపడతరు. నువ్వే పోయి మంచి మాటలతోని చెప్పు. ఆడోళ్లకు ఆడోళ్లు చెప్తేనే మంచిగుంటది."

అంటే గెంటేది వాళ్లు, గెంటుతున్నామని నవ్వుతూ చెప్పి రావలసింది తను. రోజారాణికి ఒళ్లు మండిపోయింది. పెంటవ్వ మొగుడు వెంకటేశం లారీ డ్రైవరు. ఎయిడ్స్‌తోనే పోయాడు. ఈ పెద్దలే ఆయన పెట్టె మోశారు, మంచి విశ్వాసి అని సాక్ష్యం చెప్పారు, పూలదండ వేశారు. ఆ రోగం ఎక్కడ తెచ్చుకున్నావని బతికుండగా ఒక్కరూ అడగలేదు. తెచ్చినవాడికి పూలదండ, ఇంట్లో కూర్చుని అంటించుకున్నదానికి వేరే గ్లాసు. పెంటవ్వను ఇప్పటికే వాడకట్టు బోరింగు దగ్గరికి రానివ్వడం లేదు. ఆమెకు మిగిలింది ఆదివారం ఆ ఒక్క గిన్నె. అదీ లాక్కుంటే ఆమె ఇక ఎవరి మనిషి? కొడుకు బిట్టు పుట్టినప్పుడు తనకు నీళ్లు పోసింది పెంటవ్వ. పచ్చి బాలింతనని చూడకుండా వచ్చినవాళ్లకు చాయ్ పెట్టమన్నది కనకరత్నం. ఎవరి ప్రేమ ఏపాటిదో తన ఒంటికి తెలుసు.

"సరే, పోత" అంది రోజారాణి.

పొద్దున్నే పెంటవ్వ ఇంటికి వెళ్లింది. చేతిలో గ్లాసు లేదు. పిండి డబ్బా, పెనం ఉన్నాయి.

"అక్కా, లే. ఇయ్యాల రొట్టె నువ్వు కాల్చాలె."

పెంటవ్వ బిత్తరపోయింది. "నా చేతిది ఎవరు తింటరు బిడ్డా? తెలిస్తే నిన్ను బతకనియ్యరు."

"తెలిసేటట్టు నేనే చెప్త. నువ్వు పిండి కలుపు."

పెంటవ్వ చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. పిండి ముద్ద చేస్తూ చేస్తూ ఏడ్చేసింది. రోజారాణి పొయ్యి వెలిగించి, పక్కన కూర్చుంది.

చర్చిలో పాస్టరు అయ్యగారు బల్ల మీది తెల్లబట్ట తీశారు. ఎప్పటిలాగే మొదట మగవాళ్లు లేవబోయారు. ఆడవాళ్ల వైపు నుంచి రోజారాణి లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక్క మాట. గీ రొట్టె చేసింది పెంటవ్వక్క. చెప్పకుండ తినిపిస్తే మోసమైతది, అందుకే చెప్తున్న. వేరే గిలాస నేను తేలె. తినేటోళ్లు తినుండ్రి, వద్దనేటోళ్లు పోండ్రి."

కనకరత్నం ముఖం కందగడ్డయింది. "ఇంటికి నడు, చెప్త" అన్నాడు పళ్ల సందున.

"ఇంట్ల నా మాట ఎన్నడిన్నవ్? గందుకే ఈడ చెప్తున్న."

అయ్యగారు రొట్టె విరిచి, పళ్లెం రోజారాణి ముందుకే జరిపారు. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె మగవాళ్లందరికంటే ముందు తిన్నది. తలుపు దగ్గర ఒదిగి కూర్చున్న పెంటవ్వను చెయ్యి పట్టి బల్ల దాకా తీసుకొచ్చి, గిన్నె ఇచ్చింది. పెంటవ్వ రెండు చేతులతో పట్టుకుని తాగింది. రోజారాణి ఆ గిన్నె అందుకుని, అంచు తుడవకుండానే ఒక గుక్క తాగి, భర్త ముందు పట్టుకుంది.

"తాగు బిట్టు డాడీ. ప్రేమంటేనే ఓర్సుకునుడు అంటివి గద. ఇన్నేండ్లు నేను ఓర్సుకున్న. గిప్పుడు నీ వంతు."