డ్యూయీ లేని రికార్డు

టోలివర్ గారి రికార్డుల కొట్టు తలుపు తీయకముందే జనం గోడ వారన నీడ వెతుక్కుంటూ నిలబడి ఉన్నారు. ఆగస్టు ఎండకి మాంట్‌గమరీ రోడ్ల మీద తారు మెత్తబడిపోయింది. అయినా ఎవరూ కదల్లేదు. లాంజో పెట్‌వే రెండో ఆల్బమ్ ఆ మంగళవారమే వస్తోంది.

లాంజో కొట్టు లోపల ఎత్తు స్టూలు మీద కూర్చుని సీడీల మీద సంతకాలు పెట్టాడు. వచ్చినవాళ్ళు భుజం తట్టారు. పెద్ద వయసు ఆడవాళ్ళు మెడ చుట్టూ చేతులేసి, "ఇన్నాళ్ళకి వచ్చావా నాయనా" అన్నారు. మొదటి ఆల్బమ్ సంపాదించిపెట్టిన ప్రేమ అది. అది వచ్చిన వేసవిలో, డిక్కీలో స్పీకర్లు బిగించుకున్న ప్రతి కారూ అందులోని "జరుగు జరుగు" పాటనే మోగించింది. పెళ్ళిళ్ళలో ముసలమ్మలు దానికి నడుము తిప్పారు. హైస్కూలు బ్యాండు వాళ్ళు ఫుట్‌బాల్ ఆట మధ్యలో దాన్ని బాకాల మీద వాయించారు. ఆ పాటతో లాంజో పక్క రాష్ట్రాలు కూడా చుట్టివచ్చాడు.

ఆ పాటలో గొంతులు రెండు. లాంజో పాదం విసిరితే, డ్యూయీ మేబ్రీ వెనకనుంచి వంత అందుకునేవాడు. "ఎవడ్రా వచ్చేది?" అని లాంజో అంటే, "మేమే, జరుగు" అని డ్యూయీ. బీట్లు కట్టేది కూడా డ్యూయీయే. వాళ్ళమ్మ ఇంట్లో బట్టలుతికే మెషీను మీద తన పరికరం పెట్టుకుని, ఆవిడ బట్టలు వేయడానికి వస్తే కోప్పడుతూ, చిన్నప్పటినుంచీ అదే పని. అతనికి పుట్టుకతో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. నొప్పులొస్తే ఆస్పత్రికి పోయేవాడు, తగ్గితే వచ్చి ఆపిన చోటునుంచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. కిందటేడు ఫిబ్రవరిలో ఆస్పత్రికి పోయినవాడు తిరిగి రాలేదు.

లాంజో ఆ తర్వాత ఇంటి తలుపు వేసుకున్నాడు. ఎవరినీ పిలవలేదు, ఎవరు పిలిచినా పలకలేదు. పాటలు తనే రాసుకున్నాడు, వాయిద్యాలు తనే కూర్చుకున్నాడు, ఎక్కువగా చర్చిలో మోగే ఆర్గన్ లాంటి చప్పుడు. వంత ఉండాల్సిన చోటల్లా ఆ ఆర్గనే నింపాడు. అన్నీ డ్యూయీ మీద పాటలే. ఆల్బమ్‌కి "ఫిబ్రవరి" అని పేరు పెట్టాడు. ఇది విన్నాక ఈ ఊరు ఊరంతా కూర్చుని డ్యూయీ కోసం ఏడుస్తుందని, ఆ ఏడుపులో తన ఏడుపు కూడా కొట్టుకుపోతుందని అతని నమ్మకం.

ఆ ఊళ్ళో ఆల్బమ్ కొన్నవాళ్ళు ఇంటిదాకా ఆగరు. కొట్టు ముందే కారు తలుపులూ డిక్కీ బార్లా తెరిచి అక్కడే వింటారు. ఆ రోజు నీలం రంగు పాత కారొకటి ముందుగా మోగింది. లాంజో పెన్ను పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మొదటి పాటలో ఆర్గన్ లేచింది, తన గొంతు వచ్చింది. కారు చుట్టూ ఉన్న కుర్రాళ్ళు తలలాడించడానికి సిద్ధంగా మెడలు చాచి ఉన్నారు. తల ఎప్పుడు ఆడించాలో వాళ్ళకి తెలియలేదు. ఒకడు లోపలికి వంగి పాట మార్చాడు. రెండోది కాసేపు విన్నారు. మళ్ళీ మార్చాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనుకోకుండానే సీడీ తీసి పాతది పెట్టారు. "జరుగు జరుగు" మొదలవగానే డిక్కీ రేకు అదిరింది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నట్టు నవ్వారు.

టోలివర్ గారు లాంజో వెనకాల వచ్చి నిలబడ్డారు. "మొదటి రోజు చూసి ఏమీ అనుకోకు బాబూ. కొన్ని మెల్లగా ఎక్కుతాయి."

"మీకెలా ఉందండీ?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "పొద్దున్న పెట్టెలు విప్పే హడావిడి. సరిగ్గా విననే లేదు" అన్నారు. విన్నారని లాంజోకి తెలిసిపోయింది.

ఆ వారాంతంలో జుట్టు కత్తిరించుకోవడానికి హోసియా షాపుకి వెళ్ళాడు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. సిటీ బస్సు నడిపే రూబెన్ నురుగు పూసిన మొహంతోనే పలకరించాడు.

"రా తమ్ముడూ రా. నీ గురించే అనుకుంటున్నాం."

"మంచా, చెడా?"

"అది నువ్వే తేల్చు. మా ఆవిడ పక్కనుంటే కార్లో నీ సీడీ పెట్టాను. రెండో పాటకే పర్సు తెరిచింది. ఏంటే అంటే, చర్చి కానుక పళ్ళెం ఇటు వస్తోందేమో అనుకున్నానంటది."

షాపంతా గొల్లుమంది. లాంజో కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా నాలుగు జోకులు తగులుతాయి.

గోడవైపు కుర్చీలోంచి మరొకడు అందుకున్నాడు. "నా స్పీకర్లయితే దుప్పటి అడుగుతున్నాయన్నా. నిద్రొస్తోందంట వాటికి."

"ఊరుకోండ్రా" అన్నాడు హోసియా, కత్తెర ఆడిస్తూనే. "మనిషి బాధలో ఉండి చేశాడు."

"బాధ ఎవడికి లేదు హోసియా?" రూబెన్ గొంతులో ఈసారి ఎకసెక్కెం లేదు. "ఇంటికి పోతే గది గదికీ బాధే. మళ్ళీ కొట్టుకి పోయి కొనుక్కోమంటావా? తమ్ముడూ, నీ మీద కోపం లేదు. నీ పాత పాట పెట్టుకుంటే బస్సు డిపో నుంచి ఇంటికెళ్ళేలోపు నేను మళ్ళీ మనిషినయ్యేవాణ్ణి. అది ఇచ్చావు. ఇప్పుడు లాగేసుకున్నట్టుంది."

డ్యూయీ ఉంటే ఈపాటికి రూబెన్ మొహం మీద నురుగు గురించి ఒక మాట అనేవాడు, గొడవ అక్కడితో తేలిపోయేది. లాంజో తన వంతు వచ్చేదాకా కూర్చుని, తల వంచి, కత్తిరించుకుని వచ్చేశాడు.

సెప్టెంబర్ మొదట్లో, కార్మికుల సెలవు రోజున, పార్కులో పెద్ద విందు జరిగింది. పొయ్యిల మీద పంది పక్కటెముకల మాంసం కాలుతోంది, పొగ చెట్ల మధ్య ఆగిపోయి ఉంది. మధ్యాహ్నం పూట చెక్క వేదిక మీద లాంజో పాడాలి. కొత్తవే పాడతానని ముందే చెప్పాడు. నిర్వాహకులు మొహమొహాలు చూసుకుని సరేనన్నారు.

మొదటి పాట పాడుతుండగా ముందు నిలబడ్డవాళ్ళు మర్యాదగా విన్నారు. రెండో పాటకి కొందరు చేప వేపుతున్న వరసవైపు జారుకున్నారు. మూడో పాట మధ్యలో పిల్లని భుజానెక్కించుకున్న ఒకాయన, "లాంజో, అది పాడవయ్యా" అని కేకేశాడు. ఏదని అడగాల్సిన పని లేదు. ఇంకో పక్కనుంచి ఇంకొకరు అన్నారు. చూస్తుండగానే అందరూ చప్పట్లతో దాని తాళం మొదలుపెట్టారు. వేదిక వెనకున్న డీజే, లాంజోని అడగకుండానే ఆ బీటు వదిలాడు.

డ్యూయీ పోయాక ఆ పాట లాంజో ఒక్కసారి కూడా పాడలేదు. అయినా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఎవడ్రా వచ్చేది?" అన్నాడు. తర్వాత డ్యూయీ గొంతు ఉండాల్సిన ఖాళీని తలుచుకుని మైకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఖాళీ రాలేదు. "మేమే, జరుగు" అని పార్కు పార్కంతా ఒక్క గొంతుతో అంది. ముసలివాళ్ళు, పిల్లలు, నోట్లో ముద్ద ఉన్నవాళ్ళు కూడా. డ్యూయీ సాగదీసే చోట సాగదీసి, చివర అతను నాలుక చప్పరించినట్టే చప్పరించి మరీ అన్నారు. ఇంతమందికి ఆ గొంతు ఇంత బాగా గుర్తుందని లాంజోకి అంతవరకూ తెలియదు. సంతోషించాలని అనుకున్నాడు. కానీ డ్యూయీ వాళ్ళందరి దగ్గరా ఉన్నాడు, తన దగ్గర తప్ప. తర్వాతి పాదం గొంతులోంచి బయటికి రాలేదు.

వాళ్ళు అతని కోసం ఆగలేదు. అతని పాదం కూడా వాళ్ళే చెప్పుకున్నారు, వంత కూడా వాళ్ళే పలికారు. లాంజో మైకుని స్పీకరు మీద పెట్టి మెట్లు దిగాడు. చెట్ల వెనకనుంచి కారు దాకా నడుస్తుంటే పాట రెండో చరణంలోకి వెళ్ళింది. కారు తలుపు వేసుకునే సమయానికి మూడోది. అతను లేడని ఎవరైనా గమనించారో లేదో అతనికి తెలియదు.

ఇంటికి పోబుద్ధి కాలేదు. కారు తనంతట తనే తిరిగినట్టు డ్యూయీ వాళ్ళమ్మ వీధిలోకి తిరిగింది.

ఊరంతా మిస్ ఎర్లీన్ అని పిలిచే ఆవిడ పెరట్లో పెద్ద గుండిగలో వేరుశెనక్కాయలు ఉడకబెడుతోంది. బడి వంటశాలలో పనిచేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ చిన్న గిన్నెలో వండడం ఆవిడకి చేతకాదు. లాంజోని చూసి గరిటె ఆపలేదు.

"ఆ కుర్చీ లాక్కో. విరిగిన కాలు చూసుకుని కూర్చో."

కూర్చున్నాడు. ఆవిడ ఉప్పునీళ్ళు కారుతున్న కాయలు ఒక గిన్నెలో తోడి అతని ఒళ్ళో పెట్టింది. కాసేపు ఇద్దరూ తొక్కలు తీసుకుంటూ ఉన్నారు.

"నా సీడీ విన్నారా, మిస్ ఎర్లీన్?"

"తలుపు సందులో పెట్టిపోయావుగా. విన్నాను. మొత్తం విన్నాను."

"అది వాడి కోసమే చేశానమ్మా. అంతా వాడి గురించే."

"వాడి గురించి ఉంది. వాడే లేడు." ఆవిడ చేతులు తుడుచుకుంది. "నొప్పి వస్తే నోరెత్తకుండా ఓర్చుకున్నాడని పాడావు. ఎవరు నాయనా ఆ పిల్లాడు? నా కొడుకు నొప్పొస్తే పక్కింటికి వినపడేలా బూతులు తిట్టేవాడు. ఆస్పత్రి పళ్ళెం గోడకేసి కొట్టాడు. సూది వెయ్యడానికి వచ్చిన నర్సుని పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు, ఆవిడకి నా వయసు. చివరి వారంలోనే అది. నువ్వు వాడికి రెక్కలు తగిలించి పైన కూర్చోబెట్టావు. నీ రికార్డంతా వెతికాను, ఒక్క చోటా ఎవరూ నవ్వరు."

లాంజో గిన్నెలోంచి ఇంకో కాయ తీసి తొక్క ఒలిచాడు.

"ఇంకోటి అడుగుతాను, ఏమీ అనుకోకు. అది చెయ్యడానికి ఏడాది పైన పట్టిందా?"

"పట్టింది."

"అన్నాళ్ళూ తలుపేసుకుని ఏడ్చావు. నేనూ ఇక్కడ తలుపేసుకుని ఏడ్చాను. మధ్యలో మూడు వీధులు. వచ్చి ఒక్కసారి తలుపు కొట్టి, వాడి గురించి అది చెప్పమ్మా, ఇది చెప్పమ్మా అని అడిగి ఉంటే నీకు ఎన్ని చెప్పేదాన్ని. నాకూ ఊపిరాడేది."

ఆవిడ గొంతు పెంచలేదు. "మీ మొహం చూడలేనేమో అనుకున్నానమ్మా" అన్నాడు లాంజో.

"నా మొహానికేమైంది? వాడి ముక్కు ఉందిగా ఇక్కడ" అని ఆవిడ తన ముక్కు చూపించుకుంది. లాంజో నవ్వబోయి ఏడ్చాడు. ఆవిడ లేచి రాలేదు, వెన్ను నిమరలేదు. పొయ్యి తగ్గించి, అతను ముక్కు చీదుకునేదాకా కూర్చుంది. తర్వాత అంది, "ఏడో పాట మాత్రం బాగుంది. పొద్దున్నే వాడి ఫోను రాదని పాడావే, అది. అందులో నువ్వు ఒక్కడివే ఉన్నావు, ఒక్కడినేనని ఒప్పుకున్నావు. దాన్ని నేను మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటున్నాను."

ఆ తర్వాత ఆదివారాలు చర్చి అయ్యాక అతను అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆవిడ చెప్పేది, అతను వినేవాడు. కొన్నిసార్లు అతను చెబితే ఆవిడ, "అబద్ధం, అది వాడు కాదు, నువ్వు" అనేది. ఆల్బమ్ మాత్రం లేవలేదు. రేడియో వాళ్ళు రెండు వారాలకే ఆపేశారు. ఆల్బమ్ విడుదల చేసిన అట్లాంటా కంపెనీ నుంచి ఫోన్లు తగ్గి, తర్వాత రాలేదు. టోలివర్ గారు మిగిలిన పెట్టెల్ని వెనక్కి పంపిస్తూ, రెండు కాపీలు తన దగ్గర ఉంచుకున్నానని చెప్పారు. లాంజో ఆస్పత్రులకు ఉతికిన దుప్పట్లు చేరవేసే వ్యాను నడపడానికి కుదిరాడు. దారిలో అతన్ని గుర్తుపట్టినవాళ్ళు "జరుగు" అని అరిచి చెయ్యూపేవారు. అతను చెయ్యూపేవాడు.

చలికాలం వచ్చేసరికి మిస్ ఎర్లీన్‌కి మోకాళ్ళు పట్టేశాయి. బర్మింగ్‌హామ్‌లో ఉన్న చెల్లెలు వచ్చి, ఇంక నా దగ్గరే ఉండమంది. ఆవిడ వారం రోజులు వద్దని, తర్వాత సరేనంది. లాంజో సెలవు పెట్టి సామాను ఎక్కించాడు. గుండిగని కార్లో పట్టించడానికి చాలా అవస్థ పడ్డారు.

"ఫోన్ చెయ్యి. పొద్దున్నే చెయ్యి, మధ్యాహ్నం పడుకుంటాను" అంది ఆవిడ, కిటికీలోంచి అతని చెంప తట్టి.

"చేస్తానమ్మా."

కారు మలుపు తిరిగాక అతను ఆ ఇంటి మెట్ల మీదే కూర్చున్నాడు. కిటికీలకి తెరల్లేవు. కాసేపటికి ఉత్తరాలు పంచే ఆవిడ సంచీతో వచ్చి ఆగింది. నలభై ఏళ్ళుంటాయి, ఊలు టోపీ పెట్టుకుంది.

"మేబ్రీ గారు లేరా?"

"వెళ్ళిపోయారు. బర్మింగ్‌హామ్‌కి."

ఆవిడ ఉత్తరాలు మళ్ళీ సంచీలో వేసుకుంటూ అతని మొహంలోకి చూసింది. "మీరు లాంజో కదూ? మీ కొత్త సీడీ కొన్నాను."

అతను జోకు కోసం సిద్ధంగా ఉన్నాడు. "ఎలా ఉంది?"

"సగం విన్నానండీ. బాగాలేక కాదు. ఆ సాయంత్రం వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇంక వినలేకపోయాను, ఆపేశాను." ఆవిడ టోపీ చెవుల మీదకి లాక్కుంది. "ఇంట్లో ఎవరైనా ఉన్న రోజున మిగతాది వింటాను."

"పరవాలేదండీ" అన్నాడు లాంజో. "ఎప్పుడైనా వినండి."

ఆవిడ తలూపి పక్కింటి గేటు తీసింది. అక్కడ కుక్క మొరిగింది, ఆవిడ దాన్ని పేరు పెట్టి పిలిచి ఊరుకోబెట్టింది. ఆవిడ వీధి చివరిదాకా ఒక్కో గుమ్మమూ ఎక్కి దిగుతూ వెళ్ళడం చూస్తూ, లాంజో ఆ మెట్ల మీద ఇంకాసేపు కూర్చున్నాడు.